ఫొటో పోకుండా, ప్రింటు చెడకుండా

తమ్ముళ్లూ! అమ్మానాన్నలతో దిగిన నా డిగ్రీ పట్టా ఫొటోను పెద్దది చేయిస్తే మసకగా వచ్చింది. అది వాట్సాప్‌లో వచ్చిన కాపీ. అసలు ఫైలు పాత ఫోనుతోనే పోయింది. 8×12 అంగుళాల ప్రింటు బాగా రావాలంటే, అంగుళానికి 300 చొప్పున 2400×3600 పిక్సెళ్లు కావాలి. నా దగ్గరున్నది 1200×1600. అందుకే ఫొటోను డాక్యుమెంటుగా పంపించుకోండి, సైజు తగ్గదు. దిద్దేటప్పుడు కాపీనే దిద్దండి. జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

1880లలో మన సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ తన గాజు నెగెటివ్‌లకు నంబర్లు వేసుకున్నారు. మనకు ఫైలు పేరే నంబరు. '2024-01-26-హాస్టల్-జెండా' అని సంవత్సరం ముందు రాస్తే కంప్యూటరే తేదీల వరుసలో పేరుస్తుంది. ఒక్క పెన్‌డ్రైవ్‌నే నమ్ముకోవద్దు (నాది చొక్కాతోపాటు ఉతికేశాను), రెండోచోట కూడా దాచండి. మన వార్షికోత్సవం గ్రూప్ ఫొటో అసలు ఫైలు ఎవరి దగ్గరుందో ఇవాళే అడిగి తీసుకోండి.