మే నెల మంచులో ఒక రోజు

గత మే నెలలో మేం ఐదుగురం మనాలి నుంచి మఢీ దాకా జీపులో వెళ్లి, రోహ్‌తాంగ్ కనుమకు నడక మొదలుపెట్టాం. మనాలి ఎత్తు సుమారు 2,000 మీటర్లు, కనుమ 3,978. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కింద 20 ఉంటే పైన 7! అందుకే శీతాకాలపు మంచు వేసవిలోనూ మిగులుతుంది. పైగా కొత్త మంచు తనపై పడిన వెలుగులో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది, పాతదైనా దాదాపు సగం. ఇదంతా పరీక్షల్లో రాసినవాళ్లమే. నల్ల కళ్లద్దాలు మాత్రం ఇద్దరికే ఉన్నాయి.

మధ్యాహ్నానికి మంచు మెత్తబడి మోకాళ్ల దాకా దిగబడ్డాం. కనుమ కనబడుతున్నా వెనుదిరిగాం. రాత్రికి మిగతా ముగ్గురి కళ్లలో ఇసుక పోసినట్లు మంట. అతినీలలోహిత కిరణాలకు కార్నియా కమిలితే ఆ బాధ కొన్ని గంటల తర్వాతే తెలుస్తుంది. తమ్ముళ్లూ, వెళ్తే తెల్లవారకముందే బయలుదేరండి. అద్దాలు మనిషికొక జత.