సగటు చెప్పని సత్యము

ఉన్నత పాఠశాల దాటి విశ్వవిద్యాలయమునకు పోవు మన విద్యార్థులకు అంకెలతో పని నానాటికి హెచ్చుచున్నది. అంకెలను కూడుట యొక విద్య. అవి చెప్పుదానిని విచారించుట మరియొక విద్య. ఈ రెండవదానిని మన ప్రాంతపు త్రాగునీటిని బట్టియే నేర్పవచ్చునని తలంచుచున్నాము.

మార్కాపురమునకు చేరువనున్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు పూర్వము నెల్లూరు జిల్లాలోనివి. 1937వ సంవత్సరమున షార్టు మొదలగు వైద్యులు ఆ జిల్లా పల్లెలలోని పండ్ల గారలకును, బిగిసిన కీళ్లకును, వంగిన వెన్నులకును త్రాగునీటియందలి ఫ్లోరైడు కారణమని ఇండియన్ మెడికల్ గెజిట్టు పత్రికయందు ప్రకటించిరి. బాధ కంటికి కనబడునదే. కారణము మాత్రము నీటిని పరీక్షించినగాని తెలియలేదు. కావున కొలతను తృణీకరింపరాదు.

అయితే కొలతలను సగటుగా మార్చునపుడు జాగ్రత్త వలయును. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక పల్లెలో అయిదు బావులున్నవని యూహింపుడు. నాలుగింట 0.5 చొప్పునను, అయిదవదానిలో 4.5ను ఉన్నయెడల మొత్తము 6.5, సగటు 1.3. లెక్క తప్పు కాదు. పల్లె క్షేమమని కాగితము చెప్పును. కాని సగటు నీటిని ఎవ్వరును త్రాగరు. అయిదవ బావికి పోవు బిడ్డలు 4.5 గల నీటినే త్రాగుదురు. ఆ బావి ఏ వాడది? వేసవిలో తక్కిన బావులెండినపుడు దానికడకు వచ్చువారెందరు? దూరమునుండి మంచినీళ్లు మోయువారెవరు? అంకె బదులు చెప్పదు; మనమే పోయి యడుగవలెను.

మరియొక యుదాహరణము. 2011 జనాభా లెక్కలు ప్రకాశం జిల్లా అక్షరాస్యతను నూటికి 63గా చూపినవి. విడదీసి చూడగా పురుషులలో 73, స్త్రీలలో 53. ఏడేండ్లలోపు బిడ్డలు ఈ లెక్కలోనికే రారు. ఒక్క అంకె చాటున ఇన్ని సంగతులు దాగియున్నవి.

కాబట్టి విద్యార్థులారా, ఏ అంకె కనబడినను నాలుగు ప్రశ్నలు వేయుడు: ఎవరు లెక్కించిరి? ఎవరిని లెక్కించిరి? ఎవరు విడువబడిరి? సగటు వెనుక హెచ్చుతగ్గులెంత? తల్లిదండ్రులారా, బిడ్డలిట్లడిగినపుడు విసుగుకొనకుడు. నూరు గొఱ్ఱెలలో తొంబదితొమ్మిది యున్నవని కాపరి తృప్తిపడలేదు. తప్పిపోయిన యొక్కదానిని వెదక బోయెను. లెక్క నేర్చినవానికి తగిన పని యదియే.