ఇంజను లేని విమానము – లైసెన్సు గల పైలటు

ఇంజను లేని విమానమును గ్లైడరు అందురు. రెక్కలు, తోక, చుక్కాని, పైలటు కూర్చుండు చోటు అన్నియు దానికి గలవు. ఇంజను ఒక్కటి మాత్రము లేదు. వేఱొక విమానము దానిని త్రాటితో రెండు మూడు వేల అడుగుల యెత్తునకు లాగికొని పోవును. అచట పైలటు త్రాడు విడిచిన పిదప గ్లైడరు తన బరువు చేతనే ముందునకు జారుచు మెల్లమెల్లగా క్రిందికి దిగుచుండును. ఎండకు కాగిన నేల నుండి లేచు వేడిగాలి దొరకినచో, గద్ద రెక్క లాడింపక వలయములు తిరుగుచు పైకి పోవునట్లు, గ్లైడరు కూడ గంటల తరబడి ఆకసమున నిలువగలదు.

ఇంజను విమానము నడపుటకు ఇదివఱకే లైసెన్సు పొందినవాడు గ్లైడరు లైసెన్సును త్వరగా సంపాదింప గోరినచో ఏమి చేయవలెను? పాత విద్యలో అతనికి ఏది కలిసివచ్చును, ఏది అడ్డు వచ్చును? ఈ వ్యాసమున ఆ సంగతి విచారింతము. ఒక భాష నేర్చిన పిల్లలు రెండవ భాషలో అడుగిడుటను దినదినము చూచుచున్న వారము గనుక, ఇది మాకు దూరపు విషయముగా తోచలేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ లైసెన్సుల నిచ్చునది ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ అను ప్రభుత్వశాఖ. ఏ విమానానుభవమును లేక గ్లైడరుతోనే ప్రారంభించువాడు ప్రైవేటు పైలటు కావలెనన్న, వ్రాతపరీక్షలో ఉత్తీర్ణుడై, గ్లైడరులో కనీసము 10 గంటలు, 20 పర్యాయములు ఎగిరియుండవలెను. అందులో ఒంటరిగా ఎగిరినది 2 గంటలు ఉండవలెను. ఇంజను విమానపు లైసెన్సు గలిగి, గాలికంటె బరువైన విమానములలో 40 గంటలు ఎగిరినవానికి ఈ నియమము చాల సడలును. అతడు గ్లైడరులో మొత్తము 3 గంటలు ఎగిరిన చాలును. అందు ఒంటరిగా 10 పర్యాయములు, పరీక్షకు ముందు రెండు నెలలలోగా ఉపాధ్యాయునితో 3 పర్యాయములు ఉండవలెను. మరల వ్రాతపరీక్ష లేదు. గ్లైడరు పైలటు వైద్యుని ధ్రువపత్రమును చూపనక్కఱలేదు. అయినను ఎగురుటకు అడ్డమైన జబ్బు తనకున్నదని తెలిసియు ఎగురరాదు. పరీక్షాధికారి యెదుట నోటిపరీక్షయు, ఎగిరి చూపు పరీక్షయు మాత్రము ఎవరికిని తప్పవు.

విద్యార్థులు ఇచట చిన్న లెక్క వేయవచ్చును. వేడిగాలి సాయము లేనిచో, రెండువేల అడుగుల యెత్తున విడిచిన శిక్షణ గ్లైడరు సుమారు 10, 15 నిమిషములలో నేలకు చేరును. పర్యాయమునకు 12 నిమిషముల చొప్పున 3 గంటలకు 15 పర్యాయములు. వాతావరణ మనుకూలించిన దినమున నాలుగైదు పర్యాయములు ఎగిరినచో నాలుగు దినములలో పని ముగియవలెను. కాగితముపై లెక్క సరియే. కాని ఒంటరిగా పంపుటకు ముందు ఉపాధ్యాయునకు నమ్మకము కుదురవలెను గదా! అది మూడు పర్యాయములతో కుదురుట అరుదు. కావున నిజముగా పట్టు కాలమును నిర్ణయించునది చట్టములోని మూడు గంటలు కాదు, ఉపాధ్యాయుని మనస్సు.

పాత విద్యలో కలిసివచ్చునది చాలనే గలదు. మేఘములను, గాలిని పరిశీలించుట, పటము చదువుట, రేడియోలో మాటాడుట, ఎంత వేగమునకు తగ్గినచో రెక్క గాలిపై పట్టు తప్పునో ఎఱుగుట – వీనిని మరల నేర్పనక్కఱలేదు. చిక్కు మిగిలినదానిలో నున్నది. తెలుగు, కన్నడ లిపులు దగ్గఱివి గనుక మన పిల్లలు ఒకటి వచ్చిన రెండవదానిని ఇట్టే చదివెదరు. అంగడి రెండు భాషలలోను అంగడియే. కాని ఊట తెలుగున నీటిబుగ్గ, కన్నడమున భోజనము! బొత్తిగా తెలియని మాటయైన పిల్లవాడు ఆగి అడుగును. తెలిసినట్లున్న మాటకడ ఆగడు. ఆకసమునను అట్లే.

మొదటి చిక్కు నేల విడుచునపుడే వచ్చును. గ్లైడరు తేలికయైనది, దాని రెక్కలు పొడవైనవి. అందుచే ముందున్న లాగు విమానము ఇంకను నేలపై పరుగిడుచుండగనే వెనుకనున్న గ్లైడరు గాలిలోనికి లేచును. చక్రము నేలను విడిచినంతనే ముక్కు పైకెత్తి ఎక్కుట ఇంజను విమానపు పైలటు చేతికి అలవాటు. ఇచట అట్లెక్కినచో గ్లైడరు త్రాటిని పైకి గుంజును. త్రాడు లాగు విమానపు తోకను పైకెత్తును. దాని ముక్కు నేలవైపునకు వంగును. అపుడు ముందున్న పైలటు ఎంత ప్రయత్నించినను ముక్కు పైకి రాదు. త్రాడు విడిచి బయటపడుటకు అతనికి ఒకటి రెండు క్షణములే యుండును. నేలకు సమీపమున నున్నచో అవియు చాలవు. ఇట్లు లాగు పైలటులు ప్రాణములు కోల్పోయిన సందర్భములు గలవు. చేయి తప్పినది ఒకనిది. ప్రాణము పోవునది త్రాటి ఆవలికొన నున్నవానిది. కావున గ్లైడరు లేచిన పిమ్మట దానిని కొలది అడుగుల యెత్తుననే అణచిపట్టి, ముందున్న విమానము లేచువఱకు ఓపిక పట్టవలెను. వందల గంటలు ఎగిరినవానికే ఈ ఓపిక కష్టమని మా తలంపు.

లాగు విమానమునకును గ్లైడరునకును నడుమ సైగల భాష యొకటి గలదు. లాగు విమానము రెక్కలను ఇటునటు ఊపినచో 'వెంటనే త్రాడు విడువుము' అని యర్థము. చుక్కానిని మాత్రమే ఆడించినచో 'నీ స్పాయిలర్లు తెఱచియున్నవి, చూచుకొనుము' అని యర్థము. స్పాయిలర్లనగా రెక్కలపై తెఱచుకొను పలకలు. అవి తెఱచియున్నంతసేపు గ్లైడరు వడిగా దిగుచుండును. రెండవ సైగను మొదటిదిగా పొరబడినవాడు, పలకలు తెఱచియుండగనే, తక్కువ యెత్తున త్రాడు విడుచును. అట్టి ప్రమాదములు జరిగియున్నవి. సైగలు రెండే, అర్థములు రెండే, అయినను ముందురాత్రి వల్లించి మఱునాడు ఎగిరినవానికి అవి తారుమారగును.

త్రాడు తెగుటకు కూడ సిద్ధపడి యుండవలెను. 200 అడుగుల లోపల తెగినచో నేరుగా ముందున్న నేలపైననే దిగవలెను. ఆ యెత్తు దాటిన పిమ్మటనే వెనుకకు తిరిగి బయలుదేరిన చోటికి రాదగును. అందుకే పైలటు ఎక్కునపుడు 'రెండువందలు' అని బిగ్గఱగా పలుకును. శిక్షణలో ఉపాధ్యాయుడు ముందుగా చెప్పకయే త్రాడు విడిచి శిష్యుని పరీక్షించుట గలదు.

ఇక మలుపు. ఏఎస్‌కే 21 అను జర్మను శిక్షణ గ్లైడరు రెక్కల నిడివి ఈ కొన నుండి ఆ కొనకు 17 మీటర్లు. కుడికి తిరుగవలెనని కఱ్ఱను కుడికి నెట్టినపుడు పైకి లేచు ఎడమరెక్క వెనుకకు ఎక్కువగా ఈడ్వబడును. ముక్కు మొదట ఎడమకే పోవును! దీనిని సరిచేయునది కాలితో త్రొక్కు చుక్కాని. చిన్న ఇంజను విమానములలో ఈ గుణము స్వల్పము గనుక వాని పైలటుల పాదములు సోమరులై యుండును. రైటు సోదరులు 1902లో తమ గ్లైడరున ఈ చిక్కునే యెదుర్కొని, కదలని చుక్కానిని కదలునట్లు మార్చిరి. వారు ఇంజను బిగించి యెగిరినది మఱుసటి యేడు. పాదము సరిగా పడినదా లేదా యని తెలియుటకు నేటికిని గ్లైడరు అద్దముపై ఊలుపోగు నొకదానిని అంటింతురు. పోగు తిన్నగా వెనుకకు పాఱినచో మలుపు సరియైనది. ప్రక్కకు ఒఱగినచో పాదము తప్పినది. దమ్మిడీ ఖరీదు లేని ఈ దారపుముక్కకంటె నిజాయితీగల యంత్రమును మేము వినలేదు.

దిగునపుడు ఇంజను పైలటునకు మఱియొక వింత యెదురగును. సెస్నా 172 అను చిన్న విమానపు ఇంజను ఆగినచో, అది ఒక అడుగు దిగునంతలో సుమారు 9 అడుగులు ముందునకు సాగును. ష్వైజర్ 2-33 గ్లైడరు సుమారు 22 అడుగులు, ఏఎస్‌కే 21 సుమారు 34 అడుగులు సాగును. పడిపోదుమేమో యని భయపడుచు వచ్చినవాడు దిగుట లేదే యని కంగారుపడును. స్పాయిలర్ల పిడిని వెనుకకు లాగి ఏటవాలును సరిచేసికొనవలెను. అంచనా తప్పినచో ఇంజను పెంచి మరల చుట్టివచ్చు అవకాశము లేదు. పలకలు పనిచేయనిచో ఉపయోగించు ఉపాయమొకటి గలదు: రెక్కను ఒకవైపు వంచి, చుక్కానిని దానికి ఎదురువైపు త్రొక్కినచో విమానము ఓరగా జారుచు, వేగము పెరుగకయే యెత్తు కోల్పోవును.

ఈ ఉపాయము ఒక పెద్ద ప్రయాణికుల విమానమునకు పనికివచ్చిన కథ గలదు. అది జరిగినది కెనడాలో, 1983 జూలై 23వ తేదీన. ఎయిర్ కెనడా సంస్థ వారి బోయింగ్ 767 విమానము 69 మందితో పోవుచుండెను. దానికి 22,300 కిలోగ్రాముల ఇంధనము కావలసియుండగా, లెక్కలో కిలోగ్రాములకు బదులు పౌనుల గుణకమును వాడుటచే అందులో సగముకంటె తక్కువయే యుండెను. సుమారు 41,000 అడుగుల యెత్తున ఇంధన మయిపోయి రెండు ఇంజనులును ఆగిపోయెను. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ అదృష్టవశమున గ్లైడరులు నడపుటయందు ఆరితేఱినవాడు. విన్నిపెగ్ చేరుట సాధ్యము గాదని తేలి, గిమ్లీ యను చోట విడిచిపెట్టిన వైమానికదళపు దారివైపు త్రిప్పిరి. సమీపించునప్పటికి యెత్తు మిక్కిలి యెక్కువ. అంతటి విమానమును పియర్సన్ గ్లైడరువలె ఓరగా జార్చి దింపెను.

ఆ దారిని అప్పటికి మోటారు పందెములకు వాడుచుండిరి. ఆ దినమున అచట జనము కూడియుండిరి. ఇద్దఱు బాలురు దారిపైననే సైకిళ్లు త్రొక్కుచుండిరి. ఇంజను చప్పుడు లేనందున విమానము వచ్చుట ముందుగా తెలియలేదు. ముందుచక్రము గట్టిగా నిలువక మడతపడి, ముక్కు నేలను ఒరసికొనుచు విమానము ఆగెను. బాలురకు ఏ హానియు కలుగలేదు. విమానములోని 69 మందియు బ్రతికిరి. దిగునపుడు కొందఱికి స్వల్పముగా దెబ్బలు తగిలెను. ఆ విమానము మరమ్మతు పొంది 2008 వఱకు సంస్థ సేవలో నుండెను.