బేస్ కడుపు విప్పే ముందు

డిసెంబర్ వచ్చిందంటే మా వైపు బేస్ గిటార్ వాయించేవాళ్ళకి ఊపిరి సలపదు. 23న సింగరేణి దినోత్సవం, భూపాలపల్లిలో స్టేజీ. 24 రాత్రి మానుకోట చుట్టుపక్కల ఏదో ఒక చర్చిలో క్రిస్మస్ పాటలు. ఆ వారంలోనే జనగామలో ఎవరో క్రైస్తవుల పెళ్ళి రిసెప్షన్. ధనుర్మాసం వాళ్ళకి అడ్డు కాదు కదా. వాయించేవాళ్ళలో చాలామందికి పగలు వేరే కొలువుంటుంది. చేతిలో ఉండేది ఇంకెవరో వాడి అమ్మేసిన బేస్. "అన్నా, సౌండ్ మబ్బు మబ్బుగా వస్తోంది. లోపల యాక్టివ్ సర్క్యూట్ వేయించమంటావా?" అని అడిగే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. వేయించొచ్చు. కాకపోతే ఆ మబ్బు ఎక్కడిదో ముందు తేల్చుకోవాలి.

మన దగ్గర బేస్‌కి విడిగా ఆంప్లిఫయర్ మోసుకొచ్చే పార్టీలు తక్కువ. సౌండ్ సిస్టమ్ అన్న మిక్సర్ నుంచి ఒక కేబుల్ లాగి ఇస్తాడు, దాన్ని గిటార్‌కి గుచ్చుకుని మొదలుపెడతాం. మబ్బు కమ్మేది అక్కడే. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన వెంట్రుకలాంటి రాగి తీగ. బ్యాటరీ లేని పాసివ్ బేస్‌లో అందులో పుట్టిన సిగ్నలే నేరుగా బయటికొస్తుంది. ఎదుటి ఇన్‌పుట్ ఇంపిడెన్స్ పది లక్షల ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటేనే దాని గొంతు పూర్తిగా పలుకుతుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది సాధారణంగా పది, ఇరవై వేల ఓమ్‌లే. దానికి తోడు పది మీటర్ల కేబుల్. అర హెచ్‌పీ మోటారుకి మూడంగుళాల పైపు బిగించినట్టు. ట్రెబుల్ దారిలోనే కారిపోతుంది, స్పీకర్‌కి చేరేది గుబగుబ ఒక్కటే.

ఆ యాక్టివ్ సర్క్యూట్, అంటే ప్రీయాంప్, ఎందుకంటే బేస్ పెంచడానికీ ట్రెబుల్ పెంచడానికీ అంటారు. మన పనికి దాని అసలు మేలు వేరే. గిటార్ లోపలే సిగ్నల్‌కి బలమిచ్చి, ఎంత పొడుగు కేబులైనా, ఎంత నాసి మిక్సరైనా ఈడ్చుకుపోయేలా చేస్తుంది.

ఈ కథలో లియో ఫెండర్‌ని తలుచుకోవాలి. 1951లో ఆయన తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో బ్యాటరీ లేదు. పాతికేళ్ళ తర్వాత, 1976లో, ఆయన భాగస్వామిగా ఉన్న మ్యూజిక్‌మన్ కంపెనీ స్టింగ్‌రే బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ పెట్టి అమ్మారు. ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. ఆయన రేడియో రిపేరు షాపు నడిపిన మనిషి. అందుకే చెప్తున్నా, ఈ పనికి హైదరాబాద్ పరిగెత్తక్కర్లేదు. టంకం శుభ్రంగా పెట్టగల మీ ఊరి టీవీ మెకానిక్ చాలు. పని అయ్యేదాకా పక్కన మీరుండాలి, అంతే.

అన్నిటికంటే ముందు ఒక లెక్క. ప్రీయాంప్, పాట్లు (నాబ్‌ల కింద ఉండే కంట్రోళ్ళు), కూలి కలిపి మీరు బేస్ కొన్న ధరలో మూడో వంతు దాటితే ఆ గిటార్‌లో పెట్టకండి. యాక్టివ్ డీఐ బాక్స్ గానీ, ప్రీయాంప్ పెడల్ గానీ కొనుక్కోండి. మిక్సర్‌కీ గిటార్‌కీ మధ్య పెట్టుకుంటే సగానికి పైగా అదే మేలు జరుగుతుంది. రేపు గిటార్ మారినా పెట్టె మీతోనే వస్తుంది. ఈ మాట నచ్చక నామీద అలిగినవాళ్ళున్నారు.

సరే, లోపలే వేయించాలనుకున్నారు. అయితే ముందు హమ్ము, అంటే గుయ్‌మనే కరెంటు మోత, సంగతి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్ లావు తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే స్వరం 49 హెర్ట్జ్. అంటే గిటార్‌లో దూరిన హమ్ము మీ పాట కింద ఎవరో ఆ మూడో ఫ్రెట్టునే, అదీ రవ్వంత శ్రుతి తప్పి, వాయిస్తున్నట్టు ఉంటుంది. ఇది ఉండగా ప్రీయాంప్ వేస్తే హమ్ము కూడా బలిసి బయటికొస్తుంది. తీగల మీద చెయ్యి వేయగానే మోత తగ్గితే బ్రిడ్జి కింది ఎర్త్ వైరు బాగున్నట్టే, లోపలి గూటికి రాగి రేకు టేపు అంటిస్తే సరిపోతుంది. తగ్గకపోతే ఆ వైరు ఊడిందేమో చూడాలి. జిగురు వైపు కూడా కరెంటు పారే టేపు అడగండి. మామూలుదైతే ముక్కకీ ముక్కకీ మధ్య ఒక చుక్క టంకం వేయాలి. మల్టీమీటర్ పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకి బీప్ వస్తోందో లేదో చూసుకోండి. పెంబర్తి పక్కన బతుకుతూ రేకు పని రాదంటే ఎలా? జాక్ టిప్ కాలు మాత్రం రేకుకి తగలకూడదు. తగిలిందా, మూత బిగించగానే మూగ గిటార్.

చెయ్యి వేస్తే షాక్ కొట్టడం వేరే విషయం, దాన్ని హమ్ములో కలపకండి. జనరేటర్ మీద నడిచే టెంట్లలో ఎర్త్ సరిగా ఉండదు. తీగలు పట్టుకుని పెదవి మైక్‌కి తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. మొదటి పాటకి ముందే మైక్ జాలీకి టెస్టర్ పెట్టి చూడండి. వెలిగితే ఎలక్ట్రీషియన్ సరిచేసేదాకా గిటార్ తీయొద్దు, పెళ్ళివారు ఎంత తొందరపెట్టినా.

ఇక సర్క్యూట్ ఎంపిక. బార్టొలినీ, అగ్విలార్, ఆర్టెక్, పేర్లకి కొదవ లేదు. నేను ముందు చూసేది ఒకటే: పాసివ్‌కి మార్చే స్విచ్చు ఉందా? లేకపోతే నా ఓటు లేదు. కారణం చెప్తాను. ఒక రిసెప్షన్‌లో 'గీతాంజలి' పాట అడిగారు. ఇళయరాజా పాటలో బేస్ లేకపోతే ఏం మిగులుతుంది? పల్లవి దాటేలోపు నా గిటార్ గొంతు బొంగురుపోయి, చరణంలో పూర్తిగా ఆగిపోయింది. ముందురోజు ప్రాక్టీసయ్యాక కేబుల్ తీయకుండా గోడకి ఆనించి, అసలే పాతబడిన బ్యాటరీని రాత్రంతా ఖర్చుపెట్టిన పాపం అది. స్విచ్చుంటే కాస్త మబ్బుగానైనా పాట నడిచేది. కీబోర్డ్ తమ్ముడు ఎడమచేత్తో నా పరువు కాపాడాడు.

కొనే ముందు గూడు లోతూ, బయటి రంధ్రాలూ కొలవండి. చవక గిటార్లలో పాట్ మెడ 7 మిల్లీమీటర్లు, పెద్ద రకం పాట్లది తొమ్మిదిన్నర. రంధ్రం పెద్దది చేయాలంటే పైన మాస్కింగ్ టేపు వేసి, స్టెప్ బిట్‌తో మెల్లిగా. తొందరపడితే రంగు పెచ్చులు లేస్తుంది. నాబ్‌లు కూడా పాత వాటికి సరిపోకపోవచ్చు. పాట్ విలువ మరీ ముఖ్యం. వాల్యూమ్ ప్రీయాంప్‌కి ముందుంటే, పికప్ మామూలుదైతే, 250 కిలో ఓమ్‌లది కావాలి. ప్రీయాంప్ తర్వాతైతే 25 కిలో ఓమ్‌లది. డబ్బాలో దొరికింది కదా అని పాతికది తెచ్చి పికప్ పక్కన పెడితే, పోగొట్టాలనుకున్న మబ్బు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

విప్పగానే, ఏ వైరూ కదపకముందే, ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. టంకం ఇనుము పాతిక వాట్లది చాలు. పాట్ వీపు మీద మాత్రం ముందు గీకి, ఫ్లక్స్ రాసి, తర్వాత అంటించాలి, లేకపోతే చుక్క పట్టదు.

ఇప్పుడు జాక్. పాసివ్ గిటార్‌లో దానికి రెండు కాళ్ళు, యాక్టివ్‌కి మూడు కాళ్ళ స్టీరియో జాక్ కావాలి. బ్యాటరీ నల్ల వైరు మధ్య కాలుకి, అంటే రింగ్‌కి, వెళ్తుంది. మోనో కేబుల్ గుచ్చగానే దాని లోహపు ఒళ్ళు రింగ్‌నీ ఎర్త్‌నీ కలిపేస్తుంది, సర్క్యూట్ మేలుకుంటుంది. తీస్తే నిద్రపోతుంది. బ్యాటరీకి స్విచ్చంటూ వేరే ఉండదు. మెకానిక్ ఇది తెలియక నల్ల వైరు నేరుగా ఎర్త్‌కి వేశాడంటే బ్యాటరీ రాత్రీ పగలూ ఖర్చవుతూనే ఉంటుంది. పరీక్ష తేలిక: మల్టీమీటర్‌ని మిల్లీ ఆంపియర్ల మీద పెట్టి బ్యాటరీ వైరు మధ్యలో కలపండి. కేబుల్ లేనప్పుడు సున్నా ఉండాలి. గుచ్చినప్పుడు చాలా ప్రీయాంప్‌లకి ఒకటి, రెండు మిల్లీ ఆంపియర్లు చూపిస్తుంది. మంచి ఆల్కలైన్ బ్యాటరీ సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్స్ ఇస్తుంది, అంటే ఒక మిల్లీ ఆంపియర్ లాగే సర్క్యూట్‌కి వందల గంటలు. చవక బ్యాటరీ అంత రాదు, పైగా కారి గూడు పాడుచేస్తుంది. వోల్టులు ఎనిమిదికి దిగగానే మార్చేయడం నా అలవాటు. పీకేసింది ఇంట్లో మల్టీమీటర్‌కి పనికొస్తుంది.

కొత్త నాబ్‌లు చేతికందిన మొదటి రోజు అందరూ బేస్‌ని చివరిదాకా తిప్పుతారు. చిన్న మిక్సర్ ఎర్ర దీపం వెలిగిస్తుంది, సౌండ్ పగులుతుంది. సున్నా దగ్గర మొదలుపెట్టి, ఎత్తైన కప్పున్న చర్చిలో బేస్ ఇంకొంచెం తగ్గించండి. అక్కడ గోడలే పెంచి ఇస్తాయి. టెంట్‌లో మిడ్ కాస్త పెంచితే డప్పుల మధ్య కూడా స్వరం తెలుస్తుంది.

ఊడదీసిన పాట్లు, పాత జాక్, స్క్రూలు ఒక కవర్‌లో వేసి తేదీ రాసి గిటార్ బ్యాగ్ జేబులో పెట్టుకోండి. రేపు మీరూ దాన్ని అమ్ముతారు, కొనేవాడు మొదట అడిగేది "ఒరిజినల్ పార్ట్స్ ఉన్నాయా అన్నా" అనే. అదే జేబులో ఒక కొత్త బ్యాటరీ, చిన్న స్క్రూడ్రైవర్ కూడా.