బకిల్ వీపున ఎందుకు?

కార్తీక్,

నువ్వు పంపిన, స్ట్రెయిట్‌జాకెట్ తొడిగిన పాత్ర 3D మోడల్ చూశాను. మొహం బాగా కుదిరింది, దాని జోలికి పోను. గొడవంతా జాకెట్‌తోనే. ఛాతీ నిండా బకిల్స్ పేర్చావేంట్రా! తొడుక్కున్నవాడి చేతికి అందకూడదనే కదా అవి వీపున ఉండేది. ముందు పెడితే ఫ్యాషన్ జాకెట్ అయిపోతుంది.

18వ శతాబ్దంలో యూరప్ పిచ్చాసుపత్రుల్లో వాడుకలోకి వచ్చిన బట్ట ఇది. మందపాటి కాన్వాస్, వేళ్లు బయటికి రాకుండా కొసలు మూసేసిన పొడవాటి చేతులు, వాటిని ఛాతీ మీద అడ్డంగా తిప్పి వీపున బిగించే పట్టీ, జాకెట్ పైకి జారకుండా కాళ్ల మధ్య నుంచి ఇంకో పట్టీ. అలంకారానికి పెట్టింది ఇందులో ఒక్కటీ లేదు. గారడీవాడు హౌడినీ దీన్ని విడిపించుకున్న పద్ధతి చదువు, తానే రాసిపెట్టాడు. ముందు బలంకొద్దీ ఒక చేతిని తల మీదుగా ఇవతలికి లాగేవాడు. తర్వాత చేతుల కొసన ఉన్న బకిల్ పళ్లతో విప్పేవాడు. ఆపైన వీపు బకిల్స్‌ని కాన్వాస్ లోపలి నుంచే వేళ్లతో తడిమి ఊడదీసేవాడు. ఏది ముందు ఊడుతుందో తెలిస్తే ఏది ఎక్కడ బిగించాలో నీకే తెలుస్తుంది.

ఇక గుడ్డ కుట్టే సంగతి. మార్వెలస్ డిజైనర్ సాఫ్ట్‌వేర్‌లో పాత్రని మొదటే చేతులు కట్టించి నిలబెట్టకు. చేతులు ఏటవాలుగా కిందికి చాపిన ఏ-పోజ్‌లో కుట్టు. తర్వాత చేతులు మెల్లగా ముడుచుకునేలా యానిమేషన్ నడిపించి, గుడ్డని దాని వెంట పోనివ్వు. మోచేతి మడతలో ముడతలు అప్పుడే నమ్మేలా పడతాయి. పార్టికల్ డిస్టెన్స్ (గుడ్డలోని బిందువుల మధ్య దూరం) 20 దగ్గరే ఉంచి ఆకారం కుదుర్చుకో, చివర్లో 5కి దించు. ముందే దించితే మెషీన్ మొరాయిస్తుంది. లాగుడు ఎటు నుంచి వస్తోందో ముడత అటే చూపించాలి. నీ మోడల్లో పట్టీ గట్టిగా బిగిసి ఉంది, పక్కనే గుడ్డ మాత్రం ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది.

బకిల్స్‌ని సిమ్యులేషన్‌లోకి లాగకు. బ్లెండర్‌లో విడిగా చెయ్యి. పట్టీ ఫ్రేమ్ కింద నుంచి పైకి రావాలి, ముల్లు రంధ్రంలో దిగాలి, మిగిలిన కొస లూప్‌లో దూరాలి. వాడిన జాకెట్ అయితే ఆ రంధ్రం లాగుడు వైపుకి కాస్త కోలగా సాగి, చుట్టూ నలుపెక్కి ఉంటుంది. నీ ముల్లు రంధ్రం లేనిచోటే పట్టీని పొడుచుకుని పోయింది, దగ్గరికెళ్లి చూసుకో. రిగ్గింగ్‌లో ఒక్కో బకిల్ వెయిట్ మొత్తం ఒకే ఎముకకి ఇవ్వు, లేకపోతే పాత్ర ఊపిరి పీల్చినప్పుడల్లా ఇనుము వంగుతుంది.

ఇక ఫైల్ పేరు. ‘పిచ్చి విలన్’ అట! మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. వేరే ఏ కట్టడైనా, తక్షణ ప్రమాదం తప్పించడానికి మరో దారి లేనప్పుడే చెయ్యాలి, శిక్షగా చెయ్యకూడదు. జబ్బుపడ్డ మనిషిని దయ్యంలా చూపించే కథలు ఇప్పటికే చాలా ఉన్నాయి, నువ్వు ఇంకోటి కలపక్కర్లేదు. గారడీవాణ్ణి చెయ్యి, జాకెట్ మారదు, కథ మారుతుంది.

సరిచేశాక టెక్స్చర్లు వెయ్యకుండా, ఉత్త గ్రే షేడింగ్‌తో, మోడల్ చుట్టూ తిరిగి కనిపించే టర్న్‌టేబుల్ వీడియో తీసి పంపు. రంగుల సంగతి అది చూశాక మాట్లాడదాం.

ఇట్లు,
మీ అక్క