భాండారి బసవన్న - పింఛను నిధి ధర్మకర్తలు

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు దండనాయకుడై, భాండారమునకు అధికారియై యుండెను. జంగమార్చనకై రాజధనమును వ్యయము చేయుచున్నాడని కొందరు కొండెములు చెప్పగా, బిజ్జలుడు భాండారమును లెక్కింపించెననియు, ధనమేమియు తగ్గలేదనియు పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. భక్తులు ఈ ఘట్టమున మహిమనే చూతురు. మహిమ యుండనిండు. లెక్క చూపుటకు బసవన్న వెనుదీయలేదన్న మాటను కూడ గమనింపవలెను. దాసోహము తన కాయకఫలము నుండి జరుగవలసినది. పరధనముతో చేసిన దానము ఎంత గొప్పదైనను దాసోహము కానేరదు.

ఈ పరీక్ష నేడు ఉద్యోగుల పింఛను నిధులను కాపాడు ధర్మకర్తలకు నిత్యము ఎదురగుచున్నది. ధర్మకర్త యనగా ఆస్తి తన చేతిలో నున్నను ఫలము తనది కానివాడు. 2004 సెప్టెంబరు 1 మొదలుకొని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగములలో చేరినవారి మూలవేతనము, కరవుభత్యములపై నూటికి 10 వంతున నెలనెలా కోతపడు పద్ధతి వచ్చినది. తెలంగాణము ఏర్పడిన పిమ్మట అచ్చటను అది సాగినది. జాతీయ పింఛను వ్యవస్థలో చేరిన ఇట్టి సొమ్మునకు, 1882 నాటి భారత ట్రస్టుల చట్టము ననుసరించి 2008లో ఏర్పడిన ట్రస్టు కాపుదారు. మారుమూల పల్లెలోని ఉపాధ్యాయురాలు ముప్పది ఏండ్లు దాచుకొన్న దానిని, ఆమె యెన్నడును చూడని కొందరు కాపాడుచుందురు.

ఆ చట్టములోని 15వ సెక్షను, సామాన్య వివేకము గలవాడు తన సొత్తును ఎంత జాగ్రత్తతో చూచుకొనునో, ట్రస్టు సొత్తును అంత జాగ్రత్తతో చూడుమనును. 51వ సెక్షను దానిని స్వలాభమునకు వాడరాదనును. వీనికన్న కష్టమైనది 17వ సెక్షను: హక్కుదారులు పలువురున్నచో వారిపట్ల నిష్పక్షపాతముగా నుండవలెను. నేడు విశ్రాంతి పొందిన వృద్ధుడు హెచ్చు పింఛను కోరును. ముప్పది ఏండ్లకు విశ్రాంతి పొందబోవు యువకుడు బోర్డు యెదుటకు వచ్చి అడుగడు. అతని పక్షమున మాటాడువాడు లేకపోవుట చేతనే ధర్మకర్త అతనిని మరువరాదు. ఓట్లు వేసి పంపిన మిత్రులకు ఇది రుచింపదు.

అమెరికాలోని కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పింఛను సంస్థ, కాల్పర్స్, బోర్డున 13 మంది సభ్యులు గలరు. అందు ఆరుగురిని ఉద్యోగులును, విశ్రాంత ఉద్యోగులును ఎన్నుకొందురు. పింఛనుదారుల యెడల గల ధర్మము తక్కిన ధర్మములన్నిటికన్న ముందు నిలువవలెనని 1992లో అచ్చటి ప్రజలు ఓటువేసి రాష్ట్ర రాజ్యాంగమున చేర్చుకొనిరి. శాసనము ఇంత గట్టిగా నున్నను, ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వాహకుడైన ఫ్రెడ్ బ్యూన్‌రోస్ట్రో రెండు లక్షల డాలర్ల లంచమును నగదుగా గైకొన్నట్లు 2014లో ఒప్పుకొనెను. ఆ నోట్లు కాగితపు సంచులలోను, బూట్ల పెట్టెలోను అతనికి చేరినవి. 2016లో న్యాయస్థానము అతనికి నాలుగున్నర ఏండ్ల కారాగారము విధించెను. ఇచ్చినవాడు పరాయివాడు కాడు. ఒకప్పుడు ఆ బోర్డుననే సభ్యుడుగా నుండి, పిదప పెట్టుబడి సంస్థలకు మధ్యవర్తియైనవాడు. పాత పరిచయము తలుపు తట్టినచో తెరవకుండుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

దొంగతనము చేయనివాడు నిర్దోషి యని తలచుట సాధారణము. మన చట్టములోని 26వ సెక్షను అట్లు ఒప్పుకొనదు. తోటి ధర్మకర్త చేసిన ద్రోహమును ఎరిగియు దాచినవాడు, తగిన కాలములో అడ్డుకొనని వాడు కూడ బాధ్యుడే. సమావేశమున లెక్కలు చదువునపుడు తలయూచి, భోజనమునకు లేచిపోవు పెద్దమనిషికి ఈ మాట వర్తించును. అర్థము కానిది అడుగుట అవమానమని అతడు భావించును, అడుగకుండుటయే అపరాధము.

మఠముల ఆస్తులకు 1882 నాటి చట్టము వర్తింపదు. తెలుగునాట వానికి 1987 నాటి దేవాదాయ చట్టము వేరుగా గలదు. అయినను మఠము నిధిని చూచు గృహస్థులు, ఏటేట లెక్కల పుస్తకమును భక్తుల యెదుట తెరచి పెట్టుటకు చట్టము ఆజ్ఞాపించువరకు వేచియుండ నక్కరలేదు. కల్యాణమున పెట్టెలు తెరచిననాడు బసవన్న అచ్చటనే నిలిచి యుండెను.