డబ్బా చాలకపోతే

సి భాషలో ఏ విలువ దాచాలన్నా ముందు దాని రకం చెప్పి తీరాలి. స్టోర్ రూములో బియ్యానికి బస్తా, నూనెకు డబ్బా ఉన్నట్టే అనుకోండి. పూర్ణ సంఖ్యలకు ఇంట్, దశాంశాలకు ఫ్లోట్, ఒక్క అక్షరానికి క్యార్.

ఇంట్‌లో 12.5 వేస్తే 12 మాత్రమే మిగులుతుంది. అర కిలో బియ్యం మాయం! వార్డెన్ సార్లూ, తూకాల లెక్కకు ఫ్లోటే పెట్టించండి.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది మాత్రం క్యార్. అది 1 బైటు. ఇంగ్లీషు ఏ అక్షరం అందులో హాయిగా కూర్చుంటుంది, మన 'అ' పట్టదు. అన్ని లిపులకూ అంకెలిచ్చే పట్టిక యూనికోడ్. దాన్ని యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే 'అ'కు 3 బైట్లు కావాలి. ఆదిలాబాద్ వైపు గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపికైతే అక్షరానికి 4. ఆ లిపికి పట్టికలో చోటు దొరికిందే 2018లో!

అందుకని పేరు దాచాలంటే క్యార్‌ల వరుస తీసుకోవాలి, అదీ బైట్లు లెక్కపెట్టి. 'రాము' చూడటానికి రెండే అక్షరాలు. కంప్యూటర్‌కు ర, దీర్ఘం, మ, కొమ్ము కలిపి నాలుగు గుర్తులు, 12 బైట్లు. ముగింపు సున్నాకు ఇంకొకటి. మొత్తం 13.